నక్షత్ర ఛాయాగ్రహణము: కాలమెంత, గెయిన్ ఎంత?

దూరదర్శినికి కెమెరా అమర్చి, నీహారికలను, నక్షత్ర గుచ్ఛములను చిత్రించు విద్య ఒకప్పుడు వేధశాలలకే పరిమితమై యుండెను. నేడది సామాన్య గృహముల మేడలమీదికి వచ్చినది. జహీరాబాదు నుండి శ్రోత యొకరు ఇటీవల మాకు వ్రాసిన ఉత్తరములో ఈ విషయమునే ప్రస్తావించినారు. వారి కుమారుడు తన కెమెరా సాఫ్ట్‌వేరులో చిత్రము చీకటిగా కనబడినప్పుడెల్ల ‘గెయిన్’ అను అంకెను పెంచుచున్నాడట. చిత్రము వెలుగుచున్న మాట నిజమే గాని, పైన ఇసుక చల్లినట్లు గరుకుగా వచ్చుచున్నదట. ఇంతకన్న ఖరీదైన కెమెరా కొనిన యెడల ఈ లోపము తీరునా యని వారి ప్రశ్న.

ప్రశ్న చిన్నదే గాని, దాని వెనుక వేల రూపాయల వ్యయము, అనేక రాత్రుల శ్రమ ఉన్నవి. కావున సమాధానము ముందుగనే చెప్పి, పిదప కారణములను వివరింతుము. క్రొత్త కెమెరా అవసరము లేదు. గెయిన్ ఎంత పెంచినను ఆకాశము నుండి ఒక్క కిరణమైనను అదనముగా రాదు. వెలుగును తెచ్చి యిచ్చునది కాలము. గెయిన్ చేయగల సహాయము ఒకటి కలదు. ఆ సహాయమునకొక హద్దు కూడ కలదు. ఆ హద్దును తెలిసికొని అక్కడ ఆగి, మిగిలిన రాత్రిని కాలమునకు అప్పగించుటయే ఈ విద్యలోని కీలకము.

రేడియో ఉన్న ఇంటివారికి ఇది సులభముగా బోధపడును. రాత్రివేళ మీడియం వేవ్‌పై దూరపు స్టేషనొకటి సన్నగా వినబడుచున్నదనుకొనుడు. వాల్యూము నాబును త్రిప్పినచో పాట పెరుగును. పాటతోపాటు గరగర శబ్దమును పెరుగును. నాబు త్రిప్పినందువలన ఆ స్టేషను నుండి మన ఏరియలునకు వచ్చు తరంగముల బలము మారలేదు. రెండింటికి గల నిష్పత్తి మొదట ఎట్లుండెనో ఇప్పుడును అట్లే యున్నది. పాట స్పష్టముగా వినవలెననిన ఏరియలును ఎత్తుగా కట్టవలెను, లేదా స్టేషనుకు దగ్గరగా పోవలెను. కెమెరాలో గెయిన్ అనునది ఈ వాల్యూము నాబు వంటిది.

ఇక కెమెరా లోపల జరుగు పనిని చూతము. సెన్సారు మీద పిక్సెళ్ళను చిన్న గదులు లక్షల కొలది వరుసలు తీరి యుండును. వాన కురియుచుండగా ముంగిట వరుసగా గిన్నెలు పెట్టినట్లు వీనిని ఊహించుకొనవచ్చును. కాంతి కణములు, అనగా ఫోటానులు, వాన చినుకులు. పిక్సెలులో పడిన ఫోటాను ఒక ఎలక్ట్రానును విడిపించును. అది గిన్నెలో నిలిచిన నీటిచుక్క. గిన్నెలు ఎంతసేపు వానలో ఉంచితిమో అది ఎక్స్‌పోజరు కాలము. పిదప ఒక్కొక్క గిన్నెలోని నీటిని కొలిచి అంకెగా వ్రాయుదురు. ఆ కొలత పాత్రపై గీతలు ఎంత దగ్గరగా ఉండవలెనో నిర్ణయించునదే గెయిన్. గీతలు దగ్గరైన కొలది అంకె పెద్దదగును. గిన్నెలోని నీరు మాత్రము అంతే.

ఈ గెయిన్ అంకెలు అన్ని కెమెరాలలో ఒక్కటి కావని మొదటనే గుర్తుంచుకొనవలెను. కొన్ని కంపెనీల కెమెరాలలో ఒక్కొక్క అంకె డెసిబెలులో పదియవ వంతు. అట్టి వానిలో గెయిన్ 60 పెరిగినచో సంకేతము రెండింతలగును. 200 పెరిగినచో పదింతలగును. మరికొన్ని కంపెనీలు తమకు తోచిన కొలమానమును వాడుచున్నవి. కావున మిత్రుని కెమెరాకు 100 బాగుండెనని మన కెమెరాకును 100 పెట్టుట యుక్తము కాదు. కెమెరాతో వచ్చు పటములను చూచి, ఒక్కొక్క గెయిన్ వద్ద కొలత దోషమెంత, గిన్నె లోతెంత అని తెలిసికొనవలెను.

చిత్రములోని గరుకుదనమునకు రెండు ముఖ్య కారణములున్నవి. మొదటిది కాంతిలోనే యున్నది. ఫోటానులు క్రమము తప్పక వచ్చునవి కావు. చినుకులవలె ఎడనెడ వచ్చి పడును. సగటున 100 ఎలక్ట్రానులు చేరవలసిన చోట ఒకసారి 90, మరియొకసారి 110 చేరవచ్చును. ఈ హెచ్చుతగ్గు ఆ సంఖ్య యొక్క వర్గమూలమంత ఉండును. 100కు 10, అనగా పదియవ వంతు. 10,000 ఎలక్ట్రానులు చేరినచో హెచ్చుతగ్గు 100. అది నూరవ వంతు మాత్రమే. కాంతి ఎక్కువ చేరిన కొలది నునుపు హెచ్చునన్న మాట. గరుకుదనమును సగము చేయవలెననిన కాలమును నాలుగు రెట్లు చేయవలెను. ఏ కెమెరా కొనినను ఈ లెక్క మారదు.

రెండవ కారణము కెమెరాలో పుట్టునది. గిన్నెను కొలుచు ప్రతిసారి కొలత పరికరము కొంత తప్పు చేయును. దీనిని కొలత దోషమందుము. ఒక్క సెకండు ఎక్స్‌పోజరైనను, పది నిమిషముల ఎక్స్‌పోజరైనను, చిత్రము చదివిన ప్రతిసారి ఈ దోషమొక్కసారి వచ్చి చేరును. గెయిన్ చేయు నిజమైన ఉపకారము ఇక్కడనే యున్నది. రేడియో సెట్టులో ఏరియలు ప్రక్కనే సంకేతమును కొంత పెంచి పిదప తక్కిన భాగములకు పంపినచో, ఆ భాగములలో పుట్టు గరగర అంతగా బాధింపదు. అట్లే సెన్సారులో సంకేతమును ముందుగనే పెంచి కొలిచినచో, కొలత యంత్రపు దోషము సంకేతముతో పోల్చగా చిన్నదగును. నేటి సెన్సారులలో కొన్నిటికి రెండు విధముల చదువు మార్గములున్నవి. గెయిన్ ఒక నిర్ణీత అంకెను దాటగనే రెండవ మార్గము పని చేయ నారంభించి, కొలత దోషము ఒక్కసారిగా తగ్గును. ఆ మెట్టు దాటిన పిదప గెయిన్ ఇంకను పెంచినచో కలుగు లాభము అత్యల్పము.

లాభమిచ్చిన చేతితోనే గెయిన్ నష్టమును ఇచ్చును. గీతలు దగ్గరైన కొలది కొలత పాత్ర త్వరగా నిండును. తక్కువ గెయిన్ వద్ద 50,000 ఎలక్ట్రానుల వరకు కొలువగల పిక్సెలు, గెయిన్ మూడింతలు చేసిన పిదప 16,000 వద్దనే నిండిపోవచ్చును. అంతకు మించిన వెలుగంతయు ఒకే తెలుపుగా నమోదగును. ఆరుద్ర నక్షత్రపు ఎరుపును, దాని దక్షిణముననున్న రైజెలు తారయొక్క నీలి తెలుపును తుడిచివేసినట్లు పోవును. ఉత్తరములో చెప్పబడిన చిత్రములందు నక్షత్రములన్నియు సున్నపు చుక్కలవలె ఉన్నవనిన, దానికి కారణము ఇదియే కావచ్చును.

మసక వెలుగును, తీవ్రమైన వెలుగును ఒకే చిత్రమున నిలుపు సమస్య క్రొత్తది కాదు. మన హైదరాబాదు ఖగోళ శాస్త్రజ్ఞులు నూరేండ్లకు పూర్వమే దానితో పని చేసిరి. 1887లో ప్యారిస్ నగరమున సమావేశమైన శాస్త్రజ్ఞులు ఆకాశము నంతటిని ఛాయాచిత్రములలో నిలుపుటకు సంకల్పించి, పలు దేశముల వేధశాలలకు ఒక్కొక్క పట్టీని పంచి యిచ్చిరి. హైదరాబాదున నవాబు జఫర్ జంగ్ 1901లో నెలకొల్పిన నిజామియా వేధశాల 1908లో నిజాం ప్రభుత్వము క్రిందికి వచ్చెను. దక్షిణాకాశమున 17 మొదలు 23 డిగ్రీల వరకు గల పట్టీని తొలుత చిలీ దేశపు శాంటియాగో వేధశాలకు కేటాయించిరి. అది అక్కడ సాగకపోగా, ఆ పనిని మన వేధశాల స్వీకరించెను. 8 అంగుళముల ఛాయాగ్రాహక దూరదర్శినితో గాజు పలకలపై చిత్రములు తీసి, తారల స్థానములను కొలిచి, సంపుటములుగా ప్రకటించెను. పిదప ఉత్తరాకాశమున మరియొక పట్టీని గూడ పూర్తి చేసెను.

ఆ ప్రణాళికలో సాధారణముగా ఒకే పలకపై మూడు ఎక్స్‌పోజరులు తీయుచుండిరి: ఒకటి 6 నిమిషములు, ఒకటి 3 నిమిషములు, ఒకటి 20 సెకండ్లు. ప్రతిసారి దూరదర్శినిని కొద్దిగా జరుపుట వలన ఒక్కొక్క తార మూడు చుక్కలుగా పడెడిది. మసక తారలు 6 నిమిషముల చుక్కలో మాత్రమే అగపడును. ప్రకాశవంతమైన తార ఆ చుక్కలో ఉబ్బి చెదరినను, 20 సెకండ్ల చుక్కలో కొలతకు అనువుగా నిలుచును. ఏ ఒక్క కాలమును సర్వమునకు సరిపడదని వారికి తెలియును. కావున కాలములను కలిపి వాడిరి.

ఆనాటి గాజు పలకకు గెయిన్ లేదు. దానికి దగ్గరిది డెవలపరులో ఎక్కువసేపు ఉంచుట. అట్లుంచినచో చిత్రము నల్లబడును గాని పలక యంతయు మసకగా పొగబారును. వాల్యూము నాబు కథయే అక్కడను జరిగెను. అదియు గాక పలకకు మరియొక బలహీనత కలదు. కాలము పెరిగిన కొలది అది అలసినట్లగును. కాలము రెండింతలు చేసినను నలుపు రెండింతలు కాదు. పలకపై పడిన నూరు ఫోటానులలో ఒకటి రెండు మాత్రమే గుర్తును మిగిల్చెడివి. నేటి మంచి సెన్సారు తనకు అనుకూలమైన రంగులో ఎనుబది వరకు పట్టుకొనగలదు, అలసట ఎరుగదు. అంత బలహీనమైన పలకతోనే, కాలమును నమ్ముకొని, పెద్దలు ఎంతయో సాధించిరి. నిజామియా వేధశాల ఉద్యోగి కుమారుడై హైదరాబాదున పెరిగిన వైను బప్పు, హార్వర్డులో విద్యార్థిగా నున్నప్పుడు 1949లో తాను తీసిన పలకపైననే క్రొత్త తోకచుక్క నొకదానిని కనుగొనెను.

పలకకు లేని సౌకర్యము నేటి కెమెరాకు మరియొకటి కలదు. ఒకే దీర్ఘ ఎక్స్‌పోజరు తీయనక్కరలేదు. అనేక చిన్న ఎక్స్‌పోజరులు తీసి, కంప్యూటరులో ఒకదానిపై నొకటి పేర్చి కూడవచ్చును. అట్లయినచో ఒక్కొక్క ఎక్స్‌పోజరు ఎంతసేపుండవలెను? ఒక్కొక్క సెకండు చొప్పున పదివేల చిత్రములు తీసిన నేమి, పది నిమిషముల చొప్పున పదునెనిమిది తీసిన నేమి? ఈ ప్రశ్నకు సమాధానము మన తలపైని ఆకాశములో నున్నది.

ఆకాశము ఎన్నడును పూర్తిగా నల్లగా నుండదు. పట్టణపు దీపములు, వెన్నెల, పై వాతావరణపు సహజ కాంతి కలిసి ప్రతి పిక్సెలును నిరంతరము తడుపుచుండును. ఈ నేపథ్యపు వెలుగులోను పైన చెప్పిన వర్గమూలపు హెచ్చుతగ్గు ఉండును. నేపథ్యపు హెచ్చుతగ్గు కొలత దోషమును ముంచివేయునంత సేపు ఎక్స్‌పోజరు ఇచ్చిన చాలును. అంతకు మించి పొడిగించుట వలన లాభము స్వల్పము. కొలత దోషము వలన కలుగు అదనపు గరుకు నూటికి అయిదు పాళ్ళకు మించకుండవలెననిన సూత్రమిది: కొలత దోషమును దానిచేతనే హెచ్చించి, దానిని పదిరెట్లు చేసి, సెకండునకు పిక్సెలులో పడు ఆకాశపు ఎలక్ట్రానులతో భాగించవలెను. వచ్చినదే సెకండ్లలో ఒక్కొక్క ఎక్స్‌పోజరు కాలము.

ఉదాహరణగా ఒక కెమెరాను తీసికొందము. తక్కువ గెయిన్ వద్ద దాని కొలత దోషము 3.5 ఎలక్ట్రానులు, మెట్టు దాటిన గెయిన్ వద్ద 1.5 ఎలక్ట్రానులు అనుకొందము. జహీరాబాదు పట్టణపు దీపములకు దూరముగా, చేల నడుమ చీకటి చోట, ఆకాశము నుండి పిక్సెలునకు సెకండునకొక్క ఎలక్ట్రాను వచ్చుననియు, మహానగరపు మేడమీద పది వచ్చుననియు అనుకొందము. ఇవి లెక్క కొరకు తీసికొన్న అంకెలు. దూరదర్శినిని బట్టి, రాత్రిని బట్టి మారుచుండును. చీకటి చోట తక్కువ గెయిన్ వద్ద 122 సెకండ్లు కావలెను. ఎక్కువ గెయిన్ వద్ద 23 సెకండ్లు చాలును. నగరములో అవియే 12 సెకండ్లు, 2 సెకండ్లునగును. గెయిన్ యొక్క నిజమైన సహాయము ఇదియే. అది వెలుగును పెంచలేదు. ఒక్కొక్క ఎక్స్‌పోజరును అయిదవ వంతుకు తగ్గించినది. దూరదర్శినిని త్రిప్పు యంత్రము రెండు నిమిషములు తార వెంట సరిగా నడువలేని వానికి ఇది గొప్ప ఉపకారము.

ఈ సూత్రమును పాటించినచో ఎంత మేలు, పాటించనిచో ఎంత కీడు? చీకటి ఆకాశము క్రింద ఎక్కువ గెయిన్‌తో మొత్తము మూడు గంటలు, అనగా 10,800 సెకండ్లు తీసితిమనుకొందము. కొలత దోషమే లేని ఆదర్శ కెమెరాలో గరుకు 104 ఎలక్ట్రానులు. 30 సెకండ్ల చొప్పున 360 చిత్రములు తీసినచో అది 108 మాత్రమే. 300 సెకండ్ల చొప్పున 36 తీసినను 104కు దిగును, అంతే. ఆ నాలుగింటి కొరకు యంత్రమును పదిరెట్లు సేపు తప్పు లేక నడిపించుట వ్యర్థ ప్రయాస. నడుమ ఒక గాలివిసురు వచ్చినచో అయిదు నిమిషముల పని పోవును. కాని 2 సెకండ్ల చొప్పున 5,400 చిత్రములు తీసినచో గరుకు 151కి పెరుగును. రాత్రి యంతయు కూర్చుండి, అందులో సగము పారబోసినట్లే.

ఇప్పుడు మొత్తము కాలము సంగతి. నీహారికలోని మసక భాగము నుండి సెకండునకు ఎలక్ట్రానులో పదియవ వంతు వచ్చుచున్నదనుకొందము. చీకటి చోట మూడు గంటలలో 1,080 ఎలక్ట్రానులు చేరును. అది గరుకునకు సుమారు పదిరెట్లు. కంటికి స్పష్టముగా కనబడును. నగరములో అదే కెమెరాతో, అదే గెయిన్‌తో, అదే మూడు గంటలలో అదే 1,080 ఎలక్ట్రానులు చేరును గాని, గరుకు 330 వరకు పోవును. నీహారిక దానికి మూడురెట్లు మాత్రమే. ఉన్నదా లేదా యని సందేహింపవలసిన స్థితి. చీకటి చోటితో సమానము కావలెననిన నగరవాసి ముప్పది గంటలు తీయవలెను. ఉత్తరము వ్రాసిన వారికి మేము ముఖ్యముగా చెప్పదలచినదిదే. మీ ప్రాంతమున ఒక గంట కష్టము నగరములో పది గంటలకు సమానమైన యెడల, ఎంత వెల పెట్టి కొన్న కెమెరా అయినను మీ ఆకాశమునకు సాటి రాదు.

ఇక సాఫ్ట్‌వేరు ముందు కూర్చున్న వానికి క్రమముగా కొన్ని సూచనలు.

మొదట తెరపై చిత్రము చీకటిగా నున్నదని గెయిన్‌ను తాకరాదు. సెన్సారు అంకెలను ఉన్నవి ఉన్నట్లు చూపినచో నీహారిక ఎప్పుడును నల్లగనే కనబడును. ప్రతి సాఫ్ట్‌వేరులోను చూచుటకు మాత్రమే చిత్రమును సాగదీసి వెలిగించు సౌకర్యము ఉండును, దానిని వాడవలెను. అది కంటికి సహాయము చేయును గాని నమోదగు అంకెలను మార్చదు. మనవారు చేయు పొరపాట్లలో పెద్దది ఇదియే. గెయిన్, ఎక్స్‌పోజరుల ప్రక్కన ‘ఆటో’ అని యున్నచో దానిని కూడ తీసివేయవలెను.

రెండవది, కెమెరా పటములో కొలత దోషము ఒక్కసారిగా పడిపోవు మెట్టును చూచి, గెయిన్‌ను అక్కడ నిలుపవలెను. సీజను పొడుగునను దానిని మార్చకుండుట మంచిది. ఆఫ్‌సెట్టు అను మరియొక అంకె కలదు. మూత పెట్టి తీసిన చిత్రములో ఏ పిక్సెలును సున్నకు చేరకుండునట్లు దానిని ఉంచవలెను. సున్న క్రిందికి పోయిన సమాచారము తిరిగి రాదు.

మూడవది, ఆకాశపు వెలుగును కొలువవలెను. షార్ప్‌క్యాప్ వంటి సాఫ్ట్‌వేరు దీనిని తానే కొలిచి, తగిన కాలమును సూచింపగలదు. లేనివారు చేతితో లెక్క కట్టుకొనవచ్చును. మూత పెట్టి 30 సెకండ్లు, తీసి 30 సెకండ్లు చిత్రింపుడు. మొదటి దానిలో మధ్య విలువ 500, రెండవ దానిలో 620 వచ్చినవనుకొందము. తేడా 120. పదునాలుగు బిట్ల కెమెరాలలో సాఫ్ట్‌వేరు అంకెలను తరచుగా నాలుగింతలు చేసి చూపును. కావున నాలుగింట భాగించిన 30. ఆ గెయిన్ వద్ద ఒక అంకెకు ఒక ఎలక్ట్రాను అయినచో, 30 సెకండ్లకు 30 ఎలక్ట్రానులు, అనగా సెకండునకు ఒకటి. ఈ అంకెను పై సూత్రములో వేసికొనిన చాలును.

నాలుగవది, హిస్టోగ్రాము అను పటమును చూడవలెను. అందులో ఆకాశపు గుట్ట ఎడమ గోడను అంటక కొంచెము కుడికి నిలువవలెను. కుడి గోడకు నెట్టుకొని పోయిన తారలు కొద్ది మాత్రమే యుండవలెను. తారలు మరీ ఎక్కువగా నిండిపోవుచున్నచో ఒక్కొక్క ఎక్స్‌పోజరు కాలమును తగ్గింపుడు. గుట్ట ఎడమ గోడకు అతుకుకొని యున్నచో కాలము చాలలేదనియో, ఆఫ్‌సెట్టు తక్కువైనదనియో తెలియవలెను.

వెన్నెల రాత్రి ఆకాశపు వెలుగు పెరుగును గనుక ఒక్కొక్క ఎక్స్‌పోజరు చిన్నదైనను చాలును. మొత్తము కాలము మాత్రము చాల పెరుగును. హైడ్రోజను ఎరుపు వంటి ఒక్క రంగునే పంపు ఫిల్టరు పెట్టినచో ఆకాశము నల్లబడును. అప్పుడు ఒక్కొక్క ఎక్స్‌పోజరు నిమిషముల కొలది ఉండవలెను. ఎఫ్ సంఖ్య 5 గల దూరదర్శినికి బదులు 10 గల దానిని అదే కెమెరాతో వాడినచో ఆకాశపు వెలుగు నాలుగవ వంతగును; కాలము నాలుగు రెట్లగును.

శీతకాలపు సాయంకాలమున ఆరుద్ర, మృగశిరల దక్షిణముననున్న ఓరియన్ నీహారిక ఈ విద్యకు చక్కని పరీక్ష. దాని నడిబొడ్డు మిక్కిలి ప్రకాశవంతము. రెక్కలు మిక్కిలి మసక. 30 సెకండ్ల చిత్రములలో రెక్కలు వచ్చును గాని నడుమ తెల్లబారి, అందలి నాలుగు చిన్న తారలు మాయమగును. కావున అదే గెయిన్‌తో 2 లేక 3 సెకండ్ల చిత్రములు కొన్ని వేరుగా తీసి, నడిభాగమును వానినుండి తెచ్చి కలుపవలెను. హైదరాబాదు పలకలపై 6 నిమిషములకును 20 సెకండ్లకును గల సంబంధమే ఇక్కడను గలదు. పిల్లలకోడి యని పల్లెలలో పిలువబడు కృత్తికల చుట్టునున్న నీలి ధూళికిని ఈ ఉపాయమే పనికివచ్చును.

గ్రహముల విషయమున పద్ధతి తారుమారగును. గురు, శని గ్రహములు ప్రకాశవంతములు. అక్కడ శత్రువు చీకటి కాదు, వాతావరణపు చలనము. సెకండులో నూరవ వంతు వంటి అతి చిన్న ఎక్స్‌పోజరుతో, ఎక్కువ గెయిన్‌తో, వేల కొలది చిత్రములు తీసి, గాలి నిలకడగా నున్న క్షణములలో పడినవానిని మాత్రమే ఏరి పేర్చుదురు. చంద్రునకు తక్కువ గెయిన్, చిన్న ఎక్స్‌పోజరు సరిపోవును. సూర్యుని మాత్రము దూరదర్శిని ముందు భాగమున తగిన ఫిల్టరు బిగింపక ఎన్నడును చూడరాదు, చిత్రింపరాదు.

మన ప్రాంతమున వేడిని గురించియు ఒక మాట. సెన్సారులో వేడివలన కూడ ఎలక్ట్రానులు పుట్టుచుండును. సుమారు ప్రతి 6 లేక 7 డిగ్రీలకు అవి రెండింతలగును. వైశాఖ మాసపు రాత్రి మన ఎండ దేశమున ఇది గణనీయము. చల్లబరచు సౌకర్యము గల కెమెరాను వేసవిలో సున్న డిగ్రీల వద్ద, శీతకాలమున మైనస్ పది వద్ద నిలుపవచ్చును. మూత పెట్టి తీయు చీకటి చిత్రములు అదే ఉష్ణోగ్రత, అదే గెయిన్, అదే కాలముతో తీసినప్పుడే పనికివచ్చును. గెయిన్‌ను మాటిమాటికి మార్చవలదని మేము చెప్పుటకు ఇది కూడ ఒక కారణము. తొంబది లక్షల పిక్సెళ్ళ కెమెరాలో ఒక్కొక్క చిత్రము 18 మెగాబైట్లు. 360 చిత్రములకు ఆరున్నర గిగాబైట్లగును. కంప్యూటరులో అంత చోటు ముందుగనే చూచుకొనవలెను.

జహీరాబాదు హైదరాబాదునకు పడమట సుమారు 100 కిలోమీటర్ల దూరమున, ముంబయి రహదారిపై నున్నది. కావున అక్కడివారికి తూర్పు దిక్కున ఆకాశపు అంచు కొంత వెలుగుచుండును. నీహారిక ఉదయించిన వెంటనే తీయుటకన్న, నడినెత్తికి వచ్చు వేళకు ముందు వెనుకల తీసినచో ఆ వెలుగు బాధ తగ్గును. వాతావరణపు పొరయు పలుచనగును. ధ్రువ నక్షత్రము అక్కడ ఉత్తరపు అంచుకు పదునేడున్నర డిగ్రీల ఎత్తున మాత్రమే యుండును గనుక, దూరదర్శిని అక్షమును సరిచేయుటకు ఉత్తర దిక్కున చెట్టు, గోడ అడ్డములేని చోటును ఎన్నుకొనవలెను. వానకాలము వెళ్ళిన పిదప, కార్తీకము మొదలు మాఘము వరకు గల అమావాస్య రాత్రులు ఈ పనికి శ్రేష్ఠములు.

నగరపు వెలుగు పెరిగిన కొలది పరిశీలకులు వెలుపలికి జరుగవలసి వచ్చుట మన చరిత్రలోనే యున్నది. ఉస్మానియా విశ్వవిద్యాలయమువారు తమ 48 అంగుళముల దూరదర్శినిని హైదరాబాదు నగరమున నెలకొల్పలేదు. నగరమునకు దూరముగా జాపాల, రంగాపురము గ్రామముల వద్ద 1968లో వేధశాల నిర్మించిరి. వేధశాల జరిగిపోగలదు గాని, ఒక పట్టణపు మేడమీద చిన్న దూరదర్శినితో నేర్చుకొనుచున్న పిల్లవాడు జరిగిపోలేడు. వీధి దీపములకు పైన మూత పెట్టి, వెలుగును నేలమీదికి మాత్రమే పంపినచో దారియు కనబడును, ఆకాశమును నిలుచును. పురపాలక సంఘములకు ఇది పెద్ద వ్యయము కాదు. ఇంటివారు మేడమీది దీపమును రాత్రి పది గంటలకు ఆర్పినను అదియొక సహాయమే. పైన చూపిన లెక్కలో ఒకటియు పదియు అను అంకెల నడుమ నున్న భేదము ఇట్టి దీపములదియే. ఏ గెయిన్‌తోను దానిని తిరిగి సంపాదించుట సాధ్యము కాదు.